తొలి పొత్తు విత్తనానికి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో విత్తన ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిలు అన్నీ విన్నారు. ఇక భోజనాలే అనుకుంటున్న వేళ మమ్మల్ని మైకు దగ్గరకు పిలిచారు. మేం చెప్పేది కూడా తిండి గురించే, కాస్త ఓపిక పట్టండి.

పెరట్లో వేసుకునే తీపి మొక్కజొన్న గురించి మాట్లాడతాం. టౌనులో స్వీట్‌కార్న్ అంటున్నారే, అదే. కాకపోతే ఏటా ప్యాకెట్ కొనేది కాదు, మన ఇంట విత్తనం మనమే దాచుకునే రకం. అందులోనూ బేగి చేతికొచ్చేది. దీని మీద ఈ సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాం. అదేమిటో ముందే చెప్పేస్తాం. ప్రతి పెరట్లో అందరికంటే ముందు పీచు వేసిన మొక్కల మీది పొత్తులు అమ్మకూడదు, కాల్చుకోకూడదు, విత్తనానికి వదలాలి. ఆ పొత్తులకు గ్రామైక్య సంఘం డబ్బు కట్టాలి.

ఈ మాట గ్రామైక్య సంఘాల మీటింగుల్లో పెట్టినప్పుడు చాలామంది అక్కలు కాదన్నారు. "బేగొచ్చిన పొత్తుకే కదమ్మా రేటు, అది వదిలేసి ఏటి అమ్ముకోమంటారు?" అని ఒక వదిన నిలదీసింది. ఆ మాటలో తప్పు లేదు. అరకు దారిలో బండి ఆపి కాల్చిన పొత్తు కొనుక్కునేవాళ్ళు మొదటి వారంలో అడిగిన ధర ఇచ్చి పోతారు. నెల తిరిగేసరికి ప్రతి మలుపులోనూ ఒక కుంపటి ఉంటుంది, బేరం మొదలవుతుంది. కాబట్టి తొలి పొత్తు వదులుకోమంటే చేతికొచ్చిన డబ్బు వదులుకోమన్నట్టే. అందుకే డబ్బు సంగతి కూడా తీర్మానంలో పెట్టాం. కానీ ముందు ఆ పొత్తే ఎందుకు కావాలో చెప్పాలి.

స్వీట్‌కార్న్ ప్యాకెట్ మీద 75 రోజులు, 80 రోజులు అని రాసి ఉంటుంది. ఆ లెక్క వేసినవాళ్ళ పొలం మైదానంలో ఉంటుంది. మొక్కజొన్నకు తేదీలతో పని లేదు, వేడితో పని. సుమారు 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే అది ఎదగదు. ఆ 10 డిగ్రీల పైన ఎంత వేడి దొరికితే అంత పని చేస్తుంది. కింద మైదానంలో ఒక రోజు సగటు వేడి 28 డిగ్రీలు అనుకుందాం, మొక్కకు 18 పాళ్ళు దొరికినట్టు. మన కొండ మీద మబ్బు పట్టిన రోజున సగటు 22 అనుకుందాం, 12 పాళ్ళే దొరుకుతాయి. అంటే అక్కడ రెండు రోజుల్లో అయ్యే పనికి ఇక్కడ మూడు రోజులు పడుతుంది. అందుకే ఒకే ప్యాకెట్ గింజ నర్సీపట్నంలో వేసినామె పొత్తులు తిని చేయి కడుక్కునేసరికి చింతపల్లిలో వేసినామె ఇంకా పీచు కోసం చూస్తూ ఉంటుంది.

ఆలస్యమైతే ఏం పోయిందంటారా? చాలానే పోతుంది. జూన్ వానతో వేసిన పెరడు ఆగస్టుకల్లా ఏదో ఒకటి నోటికి ఇవ్వాలి. గంపలో గింజలు అడుగంటే నెల అది, మన అమ్మలు పెరట్లో మొక్కజొన్న వేసిందే అందుకు. ఆ వెనకాలే వలిసెలు చల్లాలి, రాజ్మా వేసుకునేవాళ్ళు రాజ్మా వేయాలి. అది వెనకబడితే చివర్లో నేలలో పదును చాలదు. ఆ తర్వాత చలి. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు ఎలా ఉంటాయో అక్కడి నుంచి వచ్చిన అక్కలను అడగండి, నీళ్ళబిందె ముట్టుకోలేమంటారు. ఆ చలిలో మొక్కజొన్న ఉన్నచోటే ఉండిపోతుంది. ముందు వాన, వెనక చలి, ఆ నడుమ ఉన్న కాస్త కాలంలో పండేది కావాలి. అందుకే మనకు పొత్తు పెద్దదా చిన్నదా అన్నదాని కంటే ఎంత బేగి వస్తుందన్నదే ముఖ్యం.

ఆ బేగి రావడమన్నది విత్తనంలోనే ఉంటుంది. ఒకే రోజు, ఒకే మడిలో, ఒకే సంచిలోని గింజ వేసినా కొన్ని మొక్కలు వారం ముందు పీచు వేస్తాయి, కొన్ని పది రోజులు వెనక. ఎరువు, నీడ, పదును వల్ల కొంత తేడా ఉంటుంది నిజమే. కానీ మిగతాది తల్లి నుంచి పిల్లకు వచ్చే గుణం. ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. ముందొచ్చిన పొత్తు దారి మీదకు పోతుంది, తర్వాతది పిల్లలు కాల్చుకు తింటారు, ఆ తర్వాతది చుట్టాలకు. చివరికి గిడసబారి మిగిలిన నాలుగు పొత్తులు చూరుకు కడతారు, వచ్చే ఏడాది విత్తనం అవే. అంటే ఏడాదికేడాది వెనకబడ్డ మొక్కల పిల్లలనే ఏరి మరీ వేసుకుంటున్నట్టు. నాలుగైదేళ్ళు ఇలా సాగితే "ఈ విత్తనం మునుపటిలా లేదమ్మా" అని దాన్ని వదిలేసి ప్యాకెట్‌కు పోతారు. విత్తనం ఏ తప్పూ చేయలేదు, దాని తొలి బిడ్డలన్నీ ఏటా సంతకు పోయాయంతే.

మనలాంటి చలి నేలల్లో, మనకంటే చాలా చలి నేలల్లో, ఆడవాళ్ళు ఈ పని ఎలా చేశారో ఒక సంగతి చెప్తాం. అమెరికాలో మిస్సోరి నది ఒడ్డున, ఇప్పుడు నార్త్ డకోటా అనే రాష్ట్రంలో, హిడాట్సా అనే ఆదివాసీలు ఉన్నారు. అక్కడ ఎండాకాలం చాలా చిన్నది, సెప్టెంబరుకే మంచు కాటేసే చోటు. అయినా వాళ్ళ ముఖ్యమైన పంటల్లో మొక్కజొన్న ఒకటి. తోటలు ఆడవాళ్ళవి, విత్తనమూ ఆడవాళ్ళదే. బఫెలో బర్డ్ వుమన్ అనే పెద్దావిడ తన తోట పని మొత్తం పూసగుచ్చినట్టు చెప్తే, ఆమె కొడుకు గుడ్‌బర్డ్ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు, గిల్బర్ట్ విల్సన్ అనే ఆయన రాసుకున్నాడు. అది 1917లో అచ్చయింది. ఒక ఆదివాసీ అమ్మమ్మ మాటలను యూనివర్సిటీ అచ్చు వేసి నూరేళ్ళు దాటింది, ఇప్పటికీ తోట వేసేవాళ్ళు చదువుకుంటున్నారు.

ఆమె చెప్పిన వాటిలో మనకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. విత్తే రోజు కోసం వాళ్ళు కేలండర్ చూసేవాళ్ళు కాదు, అడవిలో ఒక పొద ఆకు వేయడం చూసి నేల వేడెక్కిందని తెలుసుకునేవాళ్ళు. పైరు కాపలాకు మన మంచె లాంటిదే కట్టి, ఆడపిల్లలు దాని మీద కూర్చుని పాటలు పాడేవాళ్ళు. పక్షుల కోసం కాపలా, పాట పైరు కోసం. వాళ్ళ ఊళ్ళో తొమ్మిది రకాల మొక్కజొన్న ఉండేదట. అందులో ఒకదాన్ని 'జిగురు మొక్కజొన్న' అనేవాళ్ళు, అదే తీపి రకం. ఒక రకం పక్కన ఇంకో రకం వేసేవాళ్ళు కాదు. మొక్కజొన్న నడిచిపోతుందని వాళ్ళ మాట. ఇక విత్తనానికి మంచి పొత్తులు ముందే ఏరి పక్కన పెట్టుకునేవాళ్ళు. పొత్తుకు రెండు కొసల్లో ఉండే చిన్న గింజలు తీసేసి, నడుమ గింజలే విత్తనానికి వాడేవాళ్ళు. అదీ ఒక్క ఏడాదికి కాదు, రెండేళ్ళకు సరిపడా. ఒక ఏడు మంచు కాటేసి పంట పోయినా విత్తనం పోకూడదు కదా.

ఇంకొకటి క్లుప్తంగా. అదే దేశంలో ఈశాన్యాన, మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రీన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఛాంబర్స్ అనే ఆయన తన పెరట్లో పసుపుపచ్చ గింజల తీపి మొక్కజొన్న పెంచేవాడు. పొట్టి మొక్క, పొట్టి పొత్తు, పొత్తుకు ఎనిమిది వరసల గింజ, కానీ అందరికంటే ముందు వచ్చేది. అప్పట్లో అక్కడివాళ్ళు తెల్ల మొక్కజొన్నే మనుషుల తిండి, పచ్చది పశువులకు అనుకునేవాళ్ళు. ఆయన పోయాక ఆ కాస్త విత్తనం చేతులు మారి బర్పీ అనే విత్తన కంపెనీకి చేరింది. వాళ్ళు 1902లో 'గోల్డెన్ బాంటమ్' అని పేరు పెట్టి అమ్మారు. బాంటమ్ అంటే పొట్టి జాతి కోడి. ఆ ఒక్క రకంతో అక్కడి జనం పచ్చ పొత్తుకు అలవాటు పడ్డారు. ఇప్పటికీ ఆ విత్తనం దొరుకుతుంది, ఇంట్లో దాచుకుంటే మళ్ళీ అదే పంట వస్తుంది. ఒక పెరట్లో ఎవరూ లెక్కచేయని రంగు గింజ అది. ఆయన చూరున లేకపోతే కంపెనీకి దొరికేదే కాదు.

ఇక మన సంగతికి వద్దాం. ఏ విత్తనంతో మొదలుపెట్టాలి? హైబ్రిడ్ ప్యాకెట్ గింజ దాచి వేస్తే రెండో ఏడు ఒక్కో మొక్క ఒక్కోలా వస్తుంది, దానితో ఈ పని కాదు. దాచుకోగలిగినవి కాంపోజిట్ రకాలు. మన తెలుగు నేల నుంచే, హైదరాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 'మాధురి', 'ప్రియ' అనే తీపి రకాలు వచ్చాయి. ఈ రెండూ హైబ్రిడ్‌లు కావు, కాంపోజిట్లే. అడిగేటప్పుడు ఆ మాట నొక్కి అడగండి. హైబ్రిడ్ చెడ్డదని మేం అనడం లేదు. రెండెకరాల్లో వేసి వ్యాపారికి లోడు పంపేవాళ్ళకు హైబ్రిడ్డే మేలు, పొత్తులన్నీ ఒక సైజులో వస్తాయి, తీపి కూడా ఎక్కువ రోజులు నిలుస్తుంది. పెరటి రకంలో తీపి పొత్తు విరిచిన గంట నుంచే పిండిగా మారుతుంది, వేడి రోజున ఒక్క రోజుకే సగం దాకా పోతుంది. అందుకని దాన్ని పొద్దున విరిచి సాయంత్రానికి అమ్మేయాలి, లేదా తినేయాలి. మన దారి పక్క బేరానికి అది సరిపోతుంది.

ఇంకో మాట. తీపి జొన్న మోజులో ఇంట్లో తరాల నుంచి ఉన్న గట్టి మొక్కజొన్న పోగొట్టుకోకండి. గటకకూ, దాచుకు తినడానికీ పనికొచ్చేది అదే. తీపి జొన్న గింజ ఎండితే ముడతలు పడుతుంది, అందులో పిండి తక్కువ. అది కూరకూ చిరుతిండికీ తప్ప కడుపు నింపదు. రెండూ ఉండాలి, కానీ దూరదూరంగా ఉండాలి. అసలు చిక్కు ఇక్కడే.

పొత్తు చివర కనబడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు. పైన జల్లు నుంచి రాలిన పుప్పొడి ఆ పోగు మీద పడితేనే ఆ గింజ నిండుతుంది. పుప్పొడి గాలికి పోతుంది, దానికి గట్టు తెలియదు, పట్టాదారు పేరు తెలియదు. పక్కింట్లో కోళ్ళ దాణా మొక్కజొన్న అదే వారంలో జల్లు వేస్తే దాని పొడి మన పొత్తు మీద పడుతుంది. మామిడిలో అయితే అలాంటి కలయిక ఆ కాయ రుచిలో తెలియదు. మొక్కజొన్నలో ఆ ఏడే, ఆ పొత్తులోనే తెలుస్తుంది, తగిలిన ప్రతి గింజా చప్పగా, పిండిగా అయిపోతుంది. హిడాట్సా అమ్మమ్మలు నడిచిపోతుందన్నది దీన్నే.

దీనికి రెండే మార్గాలు. ఒకటి దూరం. విత్తనానికి వదిలే మడికి, వేరే మొక్కజొన్నకు మధ్య కనీసం 200 మీటర్లు ఉండాలి, నడుమ ఒక గుట్టో తోపో ఉంటే ఇంకా మంచిది. రెండోది కాలం. పక్కవాళ్ళ జల్లు వేళకు మన పీచు లేకుండా మూడు నాలుగు వారాల తేడాతో విత్తుకోవడం. మనకు కాలమే చిన్నదన్నాం కదా, అందుకని రెండోది అందరికీ కుదరదు. ఒక్కో ఇంట్లో ఒక్కో అక్క తనకు తాను చేసుకోగల పని కాదిది. పెరడు 5 సెంట్లు ఉన్నామె 200 మీటర్ల దూరం ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి ప్రతి గ్రామైక్య సంఘం తన పరిధిలో ఒక చిన్న గూడెం ఎంచుకోవాలి. ఆ గూడెంలో ఆ ఏడు పెరళ్ళన్నింటిలో తీపి జొన్నే వేయాలి, మిగతా గూడేల్లో ఎవరిష్టం వాళ్ళది. గూడెంలో ఉన్న మగవాళ్ళతో కూడా మాట్లాడాలి. దాణా మొక్కజొన్న విత్తనం తెచ్చేది ఎక్కువగా వాళ్ళే.

ఇంత చేసినా కొంత కలుస్తుంది. దాన్ని ఏరేసే కిటుకు మన చేతుల్లోనే ఉంది. పొత్తు బాగా ఎండాక వలిచి చాటలో పోయండి. తీపి గింజ ముడతలు పడి, కాస్త అద్దంలా మెరుస్తుంది. బయటి పొడి తగిలిన గింజ నున్నగా, నిండుగా, చూడ్డానికి అందంగా ఉంటుంది. ఆ అందమైన గింజలు తీసేయాలి. బియ్యంలో రాళ్ళు ఏరిన కళ్ళకు ఇది కష్టం కాదు. తీసేసినవి పిండి కొట్టుకోవచ్చు, కోళ్ళకు వేయవచ్చు. ఒక్క పొత్తులో నున్న గింజలు మరీ ఎక్కువుంటే ఆ పొత్తు మొత్తం పక్కన పెట్టండి.

ఇప్పుడు విత్తడం. ఇది మీకు మేం చెప్పేదేముంది, కానీ తీపి జొన్నకు కొన్ని తేడాలు ఉన్నాయి. ముడత గింజలో తిండి నిల్వ తక్కువ కాబట్టి చల్లని తడి నేలలో మొలకెత్తే లోపే కుళ్ళిపోతుంది. రాత్రి నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి, ముక్కు కనబడగానే నాటితే చాలా వరకు బతుకుతుంది. లోతు వద్దు, వేలి మొదటి కణుపు మునిగేంత చాలు. వాన నీరు నిలవకుండా బోదె మీద నాటండి. వరసకు వరసకు రెండడుగులు, మొక్కకు మొక్కకు జానెడు. అన్నిటికంటే ముఖ్యం, కంచె వెంబడి ఒక్క వరస వేయకండి. ఒక్క వరస వేస్తే పొడి గాలికి పక్కకు పోతుంది, పొత్తు పళ్ళూడిన ముసలమ్మ నోరులా వస్తుంది. నాలుగు వరసలకు తగ్గకుండా చదరంగా మడి వేయండి. పెంట దండిగా వేయాలి, మోకాలెత్తు వచ్చాక మట్టి ఎగదోయాలి. 2018లో మన దేశానికి వచ్చిన కత్తెర పురుగు దీన్ని కూడా వదలదు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు మూడు రోజులకోసారి సుడిలోకి చూడండి. రంపపు పొట్టులాంటి రెట్ట కనబడితే 9 పాళ్ళు ఇసుకకు 1 పాలు సున్నం కలిపి చిటికెడు సుడిలో వేయండి. మిగతా సంగతులు మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి.

జల్లు వేసిన ఒకటి రెండు రోజులకు పీచు కనబడుతుంది. అప్పటి నుంచి పని మీ కళ్ళకే. రోజూ పొద్దున ఒక చుట్టు తిరిగి, పీచు ముందు వేసిన మొక్కల కాండానికి పాత చీర పీలిక కట్టండి. మొదటి వారం వేసినవాటికే కట్టాలి, తర్వాత కట్టకండి. పీచు ముందు వేసిన మొక్కకు పొడి ఇచ్చేది కూడా ముందు జల్లు వేసిన మొక్కలే, అందుకని తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ తొందర గుణం వస్తుంది. మరీ వెనకబడి, సన్నగా, తెగులుతో ఉన్న మొక్కల జల్లు విరిచేయండి. అలాగని అన్నిటికంటే ముందొచ్చిన రెండు మూడు మొక్కల గింజే పట్టుకోకూడదు. మొక్కజొన్నకు మేనరికం పడదు. కొద్ది మొక్కల నుంచే ఏటా విత్తనం తీస్తే మొక్క పొట్టిదై, పొత్తు వేలెడంతై, చివరికి గింజ పట్టదు. నూరు మొక్కలకు తక్కువ కాకుండా విత్తనం తీయాలంటారు.

ఒక్క పెరట్లో నూరు మొక్కలు విత్తనానికి వదలమంటే ఎవరూ ఒప్పుకోరు. మనం సంఘంగా ఉన్నందుకు ఇక్కడ పని సులువవుతుంది. గూడెంలో పదిమంది తలా పది పీలిక మొక్కల నుంచి పదేసి పొత్తులు ఇస్తే నూరు మొక్కలయ్యాయి. వాటిని ఒకచోట వలిచి, కలిపి, మళ్ళీ పంచుకుంటే ఎవరికీ మేనరికం బాధ లేదు. పదేసి రూపాయలతో పొదుపు మొదలుపెట్టినవాళ్ళం, ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఎంత విత్తనం వస్తుందో చూద్దాం. పొత్తుకు పనికొచ్చే గింజలు 250 అనుకోండి. మేం చెప్పిన దూరంలో సెంటుకు 330 పైచిలుకు గుంటలు పడతాయి. గుంటకు రెండు గింజలైతే 670 పైన. అంటే సెంటు పెరటికి మూడు పొత్తుల గింజ చాలు. నూరు పొత్తుల గింజ 30 సెంట్లకు పైనే సరిపోతుంది. 5 సెంట్ల పెరళ్ళు ఆరింటికి. హిడాట్సా లెక్కన రెండేళ్ళది దాచాలంటే ఇంకో గూడెం కూడా కలవాలి.

ఇప్పుడు మీ వదిన అడిగిన ప్రశ్న. తొలి వారంలో దారి మీద పొత్తు 20 రూపాయలకు పోతోందనుకుందాం. పది పొత్తులు వదిలిన అక్కకు 200 రూపాయలు పోతాయి. పైగా కూర పొత్తు పీచు వేసిన మూడు వారాలకు విరిచేస్తారు, విత్తన పొత్తు ఇంకో నెల దాకా మొక్క మీదే ఉండాలి. ఆ నెల కోతుల నుంచి, చిలకల నుంచి కాపలా ఆమెదే. ఆ నేలలో వెనక పంట కూడా ఆలస్యం. ఇవన్నీ ఆమె ఒక్కతి భరించి విత్తనం అందరికీ ఇవ్వాలనడం ధర్మం కాదు. కాబట్టి తొలి వారం దారి ధర ఎంత ఉంటే అంత, పీలిక కట్టిన ప్రతి పొత్తుకు గ్రామైక్య సంఘం నిధి నుంచి ఆ వారమే కట్టాలి. పొత్తు చేతికి వచ్చాక కాదు, పీలిక లెక్కపెట్టిన రోజే. తర్వాత మే నెలలో ఆ విత్తనం సభ్యులకు అమ్మితే నిధికి డబ్బు తిరిగి వస్తుంది. ప్యాకెట్ ధర కంటే తక్కువకు ఇవ్వగలమనే మా అంచనా. కొందరు ఓబీలు దీన్ని ఖర్చు కింద రాయాలా, పెట్టుబడి కింద రాయాలా అని అడిగారు. పెట్టుబడి కిందే రాయండి.

కోత గురించి కొద్దిగా. విత్తన పొత్తు పొర ఎండుగడ్డి రంగుకు వచ్చాక ఒక గింజ ఊడదీసి దాని అడుగు చూడండి, నల్ల చుక్క ఉంటే గింజ ముదిరినట్టు. అప్పుడిక వానలో వదలకండి, ముసురు పడితే పొత్తు మీదే బూజు పడుతుంది, మొలకలొస్తాయి. పొరలు వెనక్కి విరిచి జడలా అల్లి పొయ్యి పై అటక కింద వేలాడదీయండి. పొగకు పురుగు రాదు. మంట సెగ మాత్రం తగలకూడదు, చెయ్యి పెడితే గోరువెచ్చగా అనిపించేంత దూరంలో ఉండాలి. గింజ కొరికితే పళ్ళ కింద టక్కున పగలాలి, నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తర్వాత వలిచి, రెండు కొసల గింజ తీసేసి, నున్న గింజ ఏరేసి, బూడిద కలిపి కుండలో పోసి మూతికి గుడ్డ కట్టండి. తీపి జొన్న విత్తనం రెండు మూడేళ్ళకు మించి నమ్మకూడదు. మే నెలలో పంచే ముందు ప్రతి కుండ నుంచి 20 గింజలు తడి గుడ్డలో చుట్టి వారం చూస్తాం. 17 మొలిస్తే పంచుతాం, 12కు తక్కువైతే ఆ కుండ వంటకే.

కొత్త పంటను కొత్తల పండుగ చేశాకే నోట పెట్టుకునే ఊళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆ ఊళ్ళ పెద్దమ్మలను అడిగితే, పండుగకు ముందు ఎవరూ పొత్తు విరవరు కాబట్టి ఏది ముందొచ్చిందో ఏది వెనకొచ్చిందో అందరికీ కనబడేదని చెప్పారు. విత్తన గూడేలు ఎంచుకునేటప్పుడు అలాంటి ఊళ్ళను ముందు అడగమని మా సూచన.

తీర్మానం మీద చేతులెత్తే ముందు అడగాల్సినవి అడగండి. ఒప్పుకున్న గ్రామైక్య సంఘాల అధ్యక్షులు భోజనాల తర్వాత మినిట్స్ పుస్తకంలో తమ గూడెం పేరు, పెరళ్ళ లెక్క రాయించాలి. మా దగ్గర ఇప్పటికి మూడు కుండల విత్తనమే ఉంది, రెండు గూడేలకు సరిపోతుంది. మూడో గూడెం ముందుకొస్తే చీటీ వేస్తాం. పీలికలకు పాత చీరలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి, దానికి మాత్రం బడ్జెట్ అడగలేదు.